ఏ ఆటకు ఎంత నైపుణ్యం కావాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక్క మాటలో చెప్పండి. అన్నిటికంటే ఎక్కువ నైపుణ్యం కావాల్సిన ఆట ఏది?

ఒక్క మాటలో తేలదు. ఒంటిని అదుపులో పెట్టుకోవడం ఒక్కటే చూస్తే జిమ్నాస్టిక్స్‌ని కొట్టేది లేదు. ఎదుటివాళ్ల చేతిలోంచి వచ్చేదాన్ని చదివి, అప్పటికప్పుడు బదులివ్వడం చూస్తే రెండు పోటీపడతాయి: టేబుల్ టెన్నిస్‌లో సర్వీసు తీసుకోవడం, టెస్టు క్రికెట్‌లో కొత్త బంతిని ఆడటం. చుట్టూ 21 మంది కదులుతుండగా కాళ్లతో బంతిని నడిపించే ఫుట్‌బాల్‌ది వేరే దారి. ఈ మూడింటినీ ఒకే తక్కెడలో వేసి తూచమంటేనే చిక్కు. పందేలు కాయడానికి తప్ప ఆ తూకం ఎందుకూ పనికిరాదు.

నైపుణ్యం, కష్టం ఒకటే కదా? బాక్సింగ్ అన్నిటికంటే కష్టమని ఎక్కడో చదివాం.

మీరు చదివింది బహుశా 2004లో ఈఎస్‌పీఎన్ వేసిన జాబితా గురించి అయ్యుంటుంది. 60 ఆటలకు పది అంశాల్లో మార్కులు వేయించారు. బాక్సింగ్ మొదటి స్థానంలో, ఐస్ హాకీ రెండో స్థానంలో వచ్చాయి. చేపలు పట్టడానికి ఆఖరి స్థానం దక్కింది. క్రికెట్, కబడ్డీ ఆ జాబితాలోనే లేవు.

ఆ పది అంశాలేమిటో చూడండి: దమ్ము, బలం, పేలుడు శక్తి, వేగం, చురుకుదనం, ఒంటి వంపు, ధైర్యం, దెబ్బలకు ఓర్చుకోవడం, కంటికీ చేతికీ పొందిక, ఆలోచన. వీటిలో నికరంగా నైపుణ్యం అనదగ్గవి చివరి రెండు. చురుకుదనాన్ని కలిపితే రెండున్నర అనుకోవచ్చు. మిగతావన్నీ ఒంటికి, గుండెకు సంబంధించినవి. అందుకే విలువిద్య, షూటింగ్ అడుగుకు జారిపోయాయి. బాక్సింగ్‌లో నైపుణ్యం లేదని కాదు. దూరాన్ని అంచనా కట్టడంలో, గుద్దు రాకముందే భుజం కదలికను పట్టడంలో ఉంది. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022, 2023లో వరుసగా ప్రపంచ చాంపియన్ అయ్యిందంటే బలం ఒక్కటే కారణం కాదు. అయితే ఆ జాబితా కొలిచింది మాత్రం ఎంత ఒళ్లు హూనమవుతుందన్నదాన్ని.

మారథాన్ పరమ కష్టం. కానీ పరుగెత్తడం నేర్చుకోవడానికి పట్టే కాలం సర్వీసు చేయడం నేర్చుకోవడానికి పట్టే కాలం కంటే చాలా తక్కువ. కష్టాన్ని, నైపుణ్యాన్ని విడదీయకపోతే ఈ చర్చ అక్కడే తిరుగుతుంది.

మరి నైపుణ్యాన్ని దేనితో కొలవాలి?

నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలావరకు దారిలో పడతాం.

నిర్ణయానికి ఎంత సమయం దొరుకుతుంది? ఎంత తప్పును ఆట క్షమిస్తుంది, అంటే డిగ్రీల్లో, సెంటీమీటర్లలో ఎంత తేడా వస్తే పని చెడుతుంది? ఎదుటివాళ్లు మన పనిని ఎంతగా చెడగొట్టగలరు? నాలుగోది, నేర్చుకోవాల్సిన కదలిక మనిషి ఒంటికి ఎంత కొత్తది?

పరుగు, గెంతు, విసరడం పిల్లలకు వాటంతట అవే వస్తాయి. గాలిలో తలకిందులుగా రెండు చుట్లు తిరగడం, బంతిని పాదం లోపలి అంచుతో ఆపడం అలా రావు.

ఇంకో కొలత కూడా ఉంది, మా దృష్టిలో అన్నిటికంటే నిజాయితీ అయినది: నిచ్చెనకు ఎన్ని మెట్లున్నాయి? కొత్తగా నేర్చుకున్నవారిని ఏడాది ఆడినవారు నాలుగింట మూడుసార్లు ఓడిస్తారు, వారిని జిల్లా ఆటగాడు, అతన్ని రాష్ట్ర ఆటగాడు... ఇలా ప్రపంచ చాంపియన్ దాకా ఎన్ని మెట్లు పడతాయో లెక్కపెట్టాలి. చదరంగంలో ఈ లెక్క ముందే కట్టి ఉంటుంది. ఆటగాళ్ల బలాన్ని అంకెల్లో చూపే ఎలో రేటింగ్‌లో 200 పాయింట్ల తేడా ఉంటే పైవారికి వంద ఆటల్లో 76 పాయింట్లు రావాలి. 1000 రేటింగ్ నుంచి 2800 దాకా తొమ్మిది మెట్లు. వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి 2024లో దాటింది ఆ 2800 గీతనే.

క్రికెట్ బ్యాటింగ్ నిజంగా అంత కష్టమా? టీవీలో చూస్తే తేలిగ్గా ఆడేస్తారు.

లెక్క వేద్దాం. పిచ్ పొడవు 20.12 మీటర్లు. క్రీజు నుంచి క్రీజుకు 17.7 మీటర్లు. గంటకు 140 కిలోమీటర్ల బంతి గాలికి, నేల తాకిడికి కొంత వేగం కోల్పోతుంది కాబట్టి బ్యాట్ దాకా రావడానికి దాదాపు అర సెకను పడుతుంది. కంటికి కనబడినదానికి చేయి కదలడానికి మామూలు మనిషికి 0.2 సెకను కావాలి. బ్యాట్ దించడానికి ఇంకొంత. అంటే బంతి సగం దారిలో ఉండగానే ముందుకా వెనక్కా అన్నది తేలిపోవాలి.

అసలు చిక్కు ఆ తరువాత. మంచి లెంగ్త్ బంతి బ్యాట్‌కు సుమారు 5 మీటర్ల ముందు నేలను తాకుతుంది. అక్కడి నుంచి బ్యాట్‌కు చేరడానికి 0.16 సెకను. చూసి చేయి మార్చుకునే సమయం లేదు. ఆ నేల తాకిన చోట కుట్టు తగిలి బంతి ఒక్క డిగ్రీ పక్కకు తిరిగిందనుకోండి, 5 మీటర్లలో అది 8.7 సెంటీమీటర్లు జరుగుతుంది. బ్యాట్ గరిష్ఠ వెడల్పు 10.8 సెంటీమీటర్లు, అంటే నడుమ నుంచి అంచుకు 5.4. బంతి వ్యాసార్థం 3.6. రెండూ కలిపితే 9. నడుమన తగలాల్సిన బంతి ఒక్క డిగ్రీతో పల్చటి ఎడ్జ్ అయి కీపర్ చేతుల్లో పడుతుంది. డిగ్రీన్నర తిరిగితే బ్యాట్‌ను తాకకుండానే పోతుంది. కొత్త బంతికి 'ఆడి మిస్సయ్యాడు' అని కామెంటేటర్లు మెచ్చుకునేది ఇందుకే: మంచి బ్యాటర్ బంతి తిరిగాక దాని వెంట చేతులు తోయడు, మొదట అనుకున్న గీతలోనే ఆడతాడు. చేతులు తోసినవాడికే ఎడ్జ్ వస్తుంది.

మరి ఎలా ఆడగలుగుతున్నారు? బౌలర్ మణికట్టు, ముందు భుజం, పరుగు లయ చూసి బంతి చేయి దాటకముందే సగం అంచనా వేస్తారు. కంటి కదలికలను కెమెరాతో కొలిచిన పరిశోధనల్లో తేలిందేమిటంటే, బ్యాటర్ బంతిని మొదటి నుంచి చివరిదాకా చూడడు. చేతిలోంచి వచ్చిన కాసేపు చూసి, అది నేల తాకబోయే చోటికి చూపును ముందే దూకించి అక్కడ కాచుకుంటాడు. 'బంతిని బ్యాట్ దాకా చూడు' అని పిల్లలకు చెప్పడం తల నిలకడగా ఉంచడానికి మంచి సలహానే. కంటితో అలా చూడటం మాత్రం పేస్ బౌలింగ్‌లో కుదిరే పని కాదు.

బౌలింగ్ మెషీన్ మీద అదరగొట్టే కుర్రాళ్లు మ్యాచ్‌లో తడబడటానికి కారణం కూడా ఇదే. మెషీన్‌కు భుజం, మణికట్టు ఉండవు. చదవడానికి ఏమీ లేనిచోట చదవడం ఎలా వస్తుంది? షాట్ రూపం దిద్దుకోవడానికి మెషీన్ పనికొస్తుంది. వారంలో సగానికి పైగా ప్రాక్టీసు మాత్రం మనిషి వేసిన బంతితోనే జరగాలి. నెట్ బౌలర్ దొరక్కపోతే సైడ్ ఆర్మ్ కర్రతో విసిరే త్రోడౌన్లు మెషీన్ కంటే నయం.

అమెరికాలో మావాడు బేస్‌బాల్ ఆడుతున్నాడు. వాళ్ల కోచ్ అదే అన్నిటికంటే కష్టమంటాడు. నిజమా?

సగం నిజం. బంతి విసిరే పిచర్ 18.44 మీటర్ల దూరంలో నిలబడి ముందుకు అడుగేసి విసురుతాడు కాబట్టి అసలు దూరం 17 మీటర్ల లోపే. 150 కిలోమీటర్ల బంతికి 0.4 సెకను. మధ్యలో నేల తాకదు కాబట్టి వేగం పెద్దగా తగ్గదు. బ్యాట్ గుండ్రం, అత్యంత లావైన చోట వ్యాసం 6.6 సెంటీమీటర్లు మించకూడదు. గుండ్రటి బంతిని గుండ్రటి కర్రతో కొట్టాలి, అదీ ముందున్న 90 డిగ్రీల కోణంలోనే. పది సార్లలో మూడు సార్లు హిట్ సాధిస్తే గొప్ప బ్యాటర్ కింద లెక్క. టెడ్ విలియమ్స్ 1941లో .406 సగటు సాధించాక మేజర్ లీగ్‌లోని అమెరికన్, నేషనల్ లీగ్‌లు రెండింటిలోనూ సీజన్ మొత్తానికి .400 అందుకున్నవారు లేరు.

క్రికెట్‌లో బ్యాట్ చదును, కొట్టడానికి చుట్టూ 360 డిగ్రీలు. అయితే ఒక్క తప్పుకే ఇన్నింగ్స్ ముగుస్తుంది, బంతి నేల తాకి దిశ మారుతుంది, పిచ్ రోజురోజుకూ పాడవుతుంది. కాబట్టి ఒక్క బంతిని బలంగా కొట్టడం వరకే అయితే బేస్‌బాల్ కష్టం. గంటల తరబడి ఏ బంతిని వదిలేయాలి, ఏది ఆడాలి అని తేల్చుకుంటూ నిలబడటం క్రికెట్‌లో కష్టం.

రెండూ ఆడే పిల్లలకు ఒక హెచ్చరిక. బేస్‌బాల్ స్వింగ్ అడ్డంగా, నడుము తిప్పి. క్రికెట్‌లో నిటారు బ్యాట్‌తో ఆడే డ్రైవ్‌కు అది పూర్తిగా విరుద్ధం. ఒకే వారంలో రెండూ ప్రాక్టీసు చేస్తే మొదట దెబ్బతినేది డ్రైవ్. పుల్, స్లాగ్ స్వీప్ మాత్రం ఇంకా మెరుగవుతాయి. బౌలింగ్‌కు వస్తే మోచేయి 15 డిగ్రీల కంటే ఎక్కువ చాచకూడదన్న నిబంధన ఉంది కాబట్టి పిచింగ్ చేయి అలవాటుతో బౌల్ చేస్తే త్రో అవుతుంది.

బ్యాడ్మింటన్ స్మాష్ 565 కిలోమీటర్లు, టెన్నిస్ సర్వీసు 253. అంటే బ్యాడ్మింటన్‌కు రెట్టింపు చురుకు కావాలా?

ఆ పోలిక చెల్లదు. 565 అన్నది అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి 2023లో జపాన్‌లో, గిన్నిస్ రికార్డు కోసం ప్రత్యేకంగా చేసిన పరీక్షలో, రాకెట్‌ను వదిలిన క్షణంలో కొలిచిన వేగం. 253 జాన్ ఇస్నర్ 2016లో డేవిస్ కప్ మ్యాచ్‌లోనే చేసిన సర్వీసు.

షటిల్ బరువు 4.74 నుంచి 5.50 గ్రాములు, 16 ఈకలు. గాలి దాన్ని పట్టి లాగేస్తుంది. మ్యాచ్‌లో 360 కిలోమీటర్లతో బయల్దేరిన స్మాష్ ఎదుటి కోర్టు నడుమకు, అంటే తొమ్మిది మీటర్ల పైచిలుకు దూరం చేరేసరికి 50 కిలోమీటర్ల ప్రాంతానికి పడిపోతుంది. అయినా మొదటి సగం మెరుపులా దాటేస్తుంది కాబట్టి మొత్తం పట్టే సమయం మూడో వంతు సెకను. 200 కిలోమీటర్ల టెన్నిస్ సర్వీసుకు అర సెకను పైగా దొరుకుతుంది. సమయం లెక్కలో బ్యాడ్మింటనే గట్టిది, కానీ రెట్టింపు కాదు.

స్మాష్‌ను పక్కన పెడితే బ్యాడ్మింటన్ అసలు నైపుణ్యం మోసంలో ఉంది. ఓవర్‌హెడ్ చేయి ఒకేలా లేస్తుంది. షటిల్‌ను తాకే ఆఖరి క్షణంలో వేళ్లు బిగిస్తే స్మాష్, వదులు చేస్తే డ్రాప్, రాకెట్ ముఖం ఒరిపితే కట్. నేర్చుకునేవాళ్లు చేసే తప్పు ఏమిటంటే డ్రాప్‌కు ముందే చేయి నెమ్మదించడం. ఎదుటివాళ్లు ముందుకు కదిలిపోతారు, డ్రాప్ ఎంత బాగా పడినా ప్రయోజనం లేదు.

డబుల్స్‌లో షార్ట్ సర్వీసు మరీ నాజూకు. షటిల్‌ను 1.15 మీటర్ల లోపు ఎత్తులో కొట్టాలి, 1.524 మీటర్ల నెట్ దాటాలి, నెట్‌కు 1.98 మీటర్ల దూరంలో ఉన్న గీత దాటి పడాలి. నెట్‌కు పైన అరచేతి వెడల్పు ఎక్కువ లేచినా ఎదుటివాళ్లు దూకి కొట్టేస్తారు.

షటిల్ వేగం సరిచూసుకోకుండా ప్రాక్టీసు చేస్తే ఈ పని అంతా వృథా. వెనక గీత మీద నిలబడి కింది నుంచి పైకి, పక్క గీతకు సమాంతరంగా, పూర్తి బలంతో కొట్టండి. ఎదుటి వెనక గీతకు 53 నుంచి 99 సెంటీమీటర్ల లోపల పడితే సరైన షటిల్. అంతకంటే ముందు పడితే నెమ్మది, గీతకు అంతకంటే దగ్గరగా పడినా గీత దాటినా వేగం. ఎండాకాలంలో హాలు వేడెక్కి గాలి పల్చబడుతుంది, అదే షటిల్ దూరం పోతుంది. సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉన్న హైదరాబాద్‌లో సరిపోయిన షటిల్ విశాఖలో కాస్త ముందే పడటం కూడా ఇందుకే. నైలాన్ షటిల్‌తో మొదలుపెట్టినా ఫర్వాలేదు కానీ, నెట్ దగ్గరి ఆట ఈకల షటిల్‌తోనే నేర్పాలి. రెండూ దొర్లే తీరు వేరు.

టేబుల్ టెన్నిస్ ఆఫీసుల్లో కాలక్షేపానికి ఆడేదే కదా, మొదట్లో దాన్ని ఎందుకు అంత ఎత్తులో పెట్టారు?

ఆఫీసులో ఆడేదానికీ పోటీల్లో ఆడేదానికీ మధ్య స్పిన్ ఉంది. బల్ల 2.74 మీటర్లు, బంతి 2.7 గ్రాములు. అంత తేలికైన బంతి మీద స్పిన్ ప్రభావం విపరీతం. కింది స్పిన్ ఉన్న బంతిని మామూలుగా తాకితే నెట్‌లో పడుతుంది, పైస్పిన్ ఉన్నదాన్ని అలాగే తాకితే బల్ల దాటిపోతుంది. కాబట్టి ఏ స్పిన్నో తెలియకుండా బ్యాట్ కోణం పెట్టలేరు. తెలుసుకోవడానికి ఉన్న సమయం మూడో వంతు సెకను అటూఇటూ.

సర్వీసు చేసేవాళ్లు చేసేదేమిటి? ఒకే ఊపుతో ఒకసారి బంతిని బ్యాట్ అంచు దగ్గర సన్నగా గీకుతారు, గట్టి స్పిన్. ఇంకోసారి పిడి దగ్గరి భాగంతో తాకుతారు, స్పిన్ దాదాపు సున్నా. ఆ తరువాత చేయి రెండుసార్లూ ఒకే నాటకం ఆడుతుంది. ఆ మోసం ఎంత దూరం పోయిందంటే దాన్ని అదుపు చేయడానికే నిబంధనలు రాయాల్సి వచ్చింది: బంతిని కనీసం 16 సెంటీమీటర్లు ఎగరేయాలి, ఒంటితో గానీ రెండో చేత్తో గానీ దాన్ని కప్పకూడదు, బ్యాట్ ఒక వైపు నలుపు, రెండో వైపు స్పష్టంగా వేరే రంగు ఉండాలి.

నేర్చుకునేవారు బంతి మీది ముద్రను చూడాలి. ముద్ర స్పష్టంగా కనిపిస్తే స్పిన్ తక్కువ, మసకబారితే ఎక్కువ. చేయి ఆగిన తీరును కాకుండా బ్యాట్ తాకిన ఆ ఒక్క క్షణాన్నే చూడటం అలవాటు చేసుకోవాలి. హైదరాబాద్ క్రీడాకారిణి ఆకుల శ్రీజ బ్యాట్‌కు ఒక వైపు పొడవు బొడిపెల రబ్బరు ఉంటుంది. అది వచ్చిన స్పిన్‌ను తిరగేసి పంపుతుంది. ఎదుటివాళ్లు ఇప్పుడు తమ స్పిన్‌ను తామే గుర్తుపెట్టుకోవాలి, చదవాల్సింది రెట్టింపైందన్నమాట. శరత్ కమల్‌తో కలిసి 2022 కామన్వెల్త్ క్రీడల్లో మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచింది ఆమే.

కబడ్డీలో బలం తప్ప నైపుణ్యం ఏముంది?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు కూతకెళ్లి ఉండరు. పురుషుల కోర్టులో ఒక్కో సగం 6.5 మీటర్లు. రైడర్ 30 సెకన్లలో, కూత ఆపకుండా, నడుమ గీతకు 3.75 మీటర్ల దూరంలో ఉన్న బాక్ లైన్ దాటాలి లేదా ఎవరినైనా తాకాలి. దానికి ఇంకో మీటరు అవతల బోనస్ గీత. అవతల ఆరుగురు గానీ ఏడుగురు గానీ ఉన్నప్పుడు ఒక కాలు ఆ గీత దాటించి, రెండో కాలు గాలిలో ఉంచితేనే బోనస్. అంటే పట్టుకోవడానికి సరిగ్గా అనువైన భంగిమలో, ఇంటికి 4.75 మీటర్ల దూరంలో, ఒంటికాలి మీద నిలబడాలన్నమాట.

డిఫెండర్ పని ఇంకా సూక్ష్మం. మడమ పట్టు వేయాల్సింది రైడర్ కాలు కదులుతున్నప్పుడు కాదు, బరువు దాని మీద పడిన క్షణంలో. అప్పుడే ఆ కాలు లేవదు. ముందు వేస్తే తన్ని వదిలించుకుంటాడు, ఆలస్యమైతే పాయింటు ఇచ్చి బయటికి పోవాలి. పక్కవాడు చేయి వదిలి ఎప్పుడు మూసుకురావాలో చూపులతోనే తెలియాలి. ఒక్కడు తొందరపడితే గొలుసు తెగి ఇద్దరు ముగ్గురు అవుట్. కార్నర్‌లో ఆడేవారు 80 కిలోల రైడర్‌ను 65 కిలోల ఒంటితో ఆపగలిగేది ఈ సమయపాలన వల్లే.

ఈ నైపుణ్యాన్ని చూపించే అంకె ఏదీ టీవీ తెర మీద రాదు. స్పీడ్ గన్ పెట్టడానికి బంతి లేదు, పరికరం లేదు. అందుకే ఈ ఆటను తక్కువగా అంచనా వేస్తారు.

ఫుట్‌బాల్‌లో నైపుణ్యం ఎక్కడ కనిపిస్తుంది?

బంతి లేనప్పుడు. మంచి మిడ్‌ఫీల్డర్ పాస్ అందుకోబోయే ముందు కొన్ని సెకన్లలో రెండు మూడు సార్లు తల తిప్పి వెనక ఎవరున్నారో చూసుకుంటాడు. బంతి పాదాన్ని తాకేసరికి తదుపరి పాస్ ఎటో తేలిపోయి ఉంటుంది. ఇది చేయనివాడు ఎంత బాగా బంతిని తిప్పినా రెండో టచ్‌కే దొరికిపోతాడు. పిల్లల ఆటను అంచనా వేయాలంటే గోల్స్ లెక్కపెట్టకండి, మొదటి టచ్ తరువాత బంతి ఎంత దూరం పోయిందో చూడండి. మీటరు లోపు ఉంటే మంచిది.

పెనాల్టీ మాత్రం వేరే బాపతు. 11 మీటర్ల నుంచి 100 కిలోమీటర్ల వేగంతో కొడితే 0.4 సెకను. గోల్ వెడల్పు 7.32, ఎత్తు 2.44. మూలకు కొడితే చూసి దూకే కీపర్‌కు అందదు, అందుకే కొట్టేవారి తుంటి, నిలబెట్టిన కాలు చూసి ముందే దూకుతారు.

విలువిద్య, షూటింగ్‌లో లక్ష్యం కదలదు, తొందర లేదు. అవి తేలికేనా?

తప్పును క్షమించే కొలతలో ఇవే అన్నిటికంటే కఠినం. రికర్వ్ విల్లుతో 70 మీటర్ల నుంచి పది పాయింట్ల వలయం వ్యాసం 12.2 సెంటీమీటర్లు. నడుమ నుంచి 6.1 దాటితే తొమ్మిది. అది కోణంలో 0.05 డిగ్రీ, అంటే 70 సెంటీమీటర్ల లాగుడులో బాణం ఒక కొస అర మిల్లీమీటరు పైచిలుకు తప్పితే చాలు. విజయవాడకు చెందిన ధీరజ్ బొమ్మదేవర ఆడేది ఇదే. అదే ఊరి జ్యోతి సురేఖ కాంపౌండ్ విల్లుతో 50 మీటర్ల నుంచి 8 సెంటీమీటర్ల వలయంలోకి వేస్తుంది. హాంగ్జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనైతే పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు.

ఇక్కడ చెడగొట్టేది ప్రత్యర్థి కాదు, సొంత గుండె చప్పుడు, గాలి, ఆలోచన. గురి చూసేకొద్దీ చేయి వణుకుతుంది. పట్టి ఎక్కువసేపు నిలబడి ఆ తరువాత వదిలిన బాణమే ఎక్కువగా పక్కకు పోతుంది. సరిగ్గా కుదరకపోతే దించి మళ్లీ లాగడం కూడా ఒక నైపుణ్యమే, కొత్తవాళ్లకు అన్నిటికంటే ఆలస్యంగా వచ్చేదీ అదే.

బాస్కెట్‌బాల్ ఫ్రీ త్రో కూడా ఈ జాతిదే. రింగు 45 సెంటీమీటర్లు, బంతి 24. బంతి 45 డిగ్రీల కోణంలో దిగితే దానికి కనిపించే నోరు 32 సెంటీమీటర్లు. 30 డిగ్రీల్లో దిగితే 22.5, బంతే పట్టదు. పిల్లలు చదునుగా విసిరి రింగు ముందు అంచుకు కొట్టేది ఇందుకే. అన్నట్టు షకీల్ ఓనీల్ కెరీర్ ఫ్రీ త్రో శాతం 53 కూడా లేదు. ఒక ఆటలో దిగ్గజం కావడానికి అందులోని నైపుణ్యాలన్నీ రానక్కర్లేదు.

జిమ్నాస్టిక్స్‌ను ఎందుకు పైన పెట్టారు?

నాలుగో ప్రశ్న వల్ల: కదలిక పూర్తిగా కొత్తది. బ్యాలెన్స్ బీమ్ వెడల్పు 10 సెంటీమీటర్లు, ఎత్తు 1.25 మీటర్లు. ఒక్కో విన్యాసాన్ని ముక్కలుగా విడదీసి, ఫోమ్ గుంటలో, తరువాత మెత్తటి చాప మీద, ఆ తరువాతే అసలు పరికరం మీద ఏళ్ల తరబడి నేర్పాలి. మెట్టు దాటేస్తే మెడ విరుగుతుంది. ఇక్కడ ఒంటి కదలికల నైపుణ్యం, ధైర్యం విడదీయలేనంతగా కలిసిపోయి ఉంటాయి. 2018 మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో వాల్ట్ కాంస్యం తెచ్చిన హైదరాబాద్ అమ్మాయి బి. అరుణారెడ్డి ఘనత సరైన సౌకర్యాలు అరుదైన చోటి నుంచి వచ్చింది. అయితే ప్రత్యర్థి వచ్చి బీమ్‌ను కదపడు. ఎదుటివాడిని చదివే పని ఇందులో సున్నా.

అదృష్టం మాటేమిటి? అదృష్టం ఎక్కువున్న ఆటకు నైపుణ్యం తక్కువనే కదా?

కాదు. పొరబాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే. అదృష్టం ఎంతన్నది ఆటలో పాయింట్లు ఎన్నిసార్లు వస్తాయన్నదాని మీద ఆధారపడుతుంది. ఫుట్‌బాల్ మ్యాచ్‌లో వచ్చేవి రెండు మూడు గోల్స్. ఒక్కటి కాలికి తగిలి తిరిగి లోపలికి పోయినా ఫలితం తారుమారు. 5000కు 1 పందెం ఉన్న లెస్టర్ సిటీ 2015-16లో ప్రీమియర్ లీగ్ గెలవగలిగింది.

టెన్నిస్‌ది దీనికి పూర్తిగా ఎదురు. వంద పాయింట్లలో 55 గెలిచే ఆటగాడికి గేమ్ గెలిచే అవకాశం 62 శాతం, సెట్ 81 శాతం ప్రాంతం, ఐదు సెట్ల మ్యాచ్ 95 శాతం. చిన్న తేడా పేరుకుపోయి పెద్దదవుతుంది. రోజర్ ఫెదరర్ ఆడిన పాయింట్లలో 54 శాతమే గెలిచి మ్యాచ్‌ల్లో దాదాపు 80 శాతం గెలిచాడు. దీన్ని బట్టి టెన్నిస్‌కు ఫుట్‌బాల్ కంటే ఎక్కువ నైపుణ్యం కావాలని చెప్పలేం. టెన్నిస్ స్కోరు పద్ధతి నైపుణ్యాన్ని బాగా బయటపెడుతుందని మాత్రమే చెప్పగలం.

ఇంకో మెలిక ఉంది. అందరి ప్రమాణం పెరిగేకొద్దీ వాళ్ల మధ్య తేడా తగ్గి, గెలుపోటముల్లో అదృష్టం వాటా పెరుగుతుంది. .400 సగటు మాయం కావడానికి బ్యాటర్లు దిగజారడం కారణం కాదు, పిచర్లు, ఫీల్డర్లు కూడా పైకి రావడం.

టీ20కి టెస్టు కంటే తక్కువ నైపుణ్యం చాలా?

వేరే నైపుణ్యం. 120 బంతుల ఆటలో బలహీన జట్టు గెలిచే అవకాశం ఎక్కువ. కానీ యార్కర్‌ను ఫైన్ లెగ్ మీదుగా స్కూప్ చేయడం టెస్టు బ్యాటర్లందరికీ రాదు. అక్కడ వదిలేయడం రావాలి, ఇక్కడ వదిలేయకపోవడం రావాలి.

ఒక ఆటలో వచ్చింది ఇంకో ఆటకు పనికొస్తుందా?

దగ్గరి ఆటల మధ్య కొంత. టెన్నిస్ నుంచి బ్యాడ్మింటన్‌కు వచ్చేవాళ్లకు కోర్టు అవగాహన వస్తుంది, బిగిసిన మణికట్టు అడ్డుపడుతుంది. కబడ్డీ నుంచి కుస్తీకి పట్టు, సమతూకం బాగానే వస్తాయి. ఎదుటివాడిని చదవడం మాత్రం దాదాపు ఏ ఆటకు ఆ ఆటే. బౌలర్ మణికట్టు చదివే కన్ను టేబుల్ టెన్నిస్ సర్వీసు ముందు గుడ్డిదే.

10 వేల గంటల సాధన చాలంటారు?

1993లో వచ్చిన వయొలిన్ విద్యార్థుల అధ్యయనంలో మేటి విద్యార్థుల సగటు అది. దాన్ని గీతలా పట్టుకున్నారు. అధ్యయనం చేసింది సంగీతం మీద, ఆటల మీద కాదు. గంటల కంటే ఆ గంటలో ఏం జరిగిందన్నదే ముఖ్యం. ఒకే షాట్‌ను వరుసగా వంద సార్లు కొడితే ఆ రోజు బాగా వస్తుంది, మర్నాడు సగం పోతుంది. మూడు షాట్లను కలగలిపి కొడితే ఆ రోజు చెత్తగా ఉంటుంది, వారం తరువాత నిలుస్తుంది. తల్లిదండ్రులు మొదటిదాన్ని చూసి కోచ్‌ను మెచ్చుకుంటారు, రెండోదాన్ని చూసి మారుస్తారు.

మా పాపను ఏ ఆటలో చేర్చాలో తేలడం లేదు. ఇంట్లోనే పరీక్షించే మార్గం ఉందా?

ఉంది, ఓ పది రోజులు పడుతుంది. ముందు మూడు ఆటల నుంచి ఒక్కో చిన్న పని ఎంచుకోండి: బ్యాడ్మింటన్ షార్ట్ సర్వీసు, ఫుట్‌బాల్‌ను గోడకు కొట్టి ఒకే టచ్‌తో ఆపడం, మూడు మీటర్ల నుంచి టెన్నిస్ బంతిని బకెట్‌లో వేయడం. మొదటి రోజు ఒక్కోటి 20 సార్లు చేయించి ఎన్ని కుదిరాయో రాసుకోండి. ఆ అంకెకు విలువ ఇవ్వకండి, అది ఇంతకుముందు ఏం ఆడిందన్నదాన్నే చూపిస్తుంది. తరువాత మూడు రోజులు రోజుకు పావుగంట చొప్పున ఒక్కోదాని మీద ప్రాక్టీసు. మూడు రోజులు పూర్తిగా విరామం. మళ్లీ 20 సార్లు. విరామం తరువాత కూడా నిలిచిన మెరుగుదల ఎందులో ఎక్కువో అది చూడండి.

ఆఖరుగా అదే పనిని చెడగొడుతూ చేయించండి. సర్వీసు చేసేటప్పుడు ఎదుట నిలబడి కదలండి, గోడ బదులు మీరు అనుకోని వైపు బంతి వేయండి. ఇక్కడ అంకె ఘోరంగా పడిపోయినా నవ్వుతూ ఇంకోసారి అనే పిల్లలకు బ్యాడ్మింటన్, టేబుల్ టెన్నిస్, కబడ్డీ లాంటి ఎదురెదురు ఆటలు నప్పుతాయి. చెడగొడితే చిరాకుపడి, ఒంటరిగా వదిలేస్తే గంట సేపు అదే పని చేసేవారిని విలువిద్య, షూటింగ్ వైపు తీసుకెళ్లండి. జిమ్నాస్టిక్స్ అయితే ఆరేడేళ్లకే మొదలుపెట్టాలి. కబడ్డీ, అథ్లెటిక్స్‌కు 13, 14 ఏళ్లకు వచ్చినా ఆలస్యం కాదు. చేర్చే ముందు అకాడమీలో ఒక పూట కూర్చుని, ఒక్కో పిల్లకు గంటలో నిజంగా ఎన్నిసార్లు బంతి అందుతోందో లెక్కపెట్టండి. వరుసలో నిలబడే సమయం ఆడే సమయం కంటే ఎక్కువుంటే ఫీజు ఎంత తక్కువైనా ఆ చోటు వద్దు.